సభ వినని సాక్ష్యం

బ్రిటిష్ పార్లమెంటును చట్టసభలన్నింటికీ తల్లి వంటిదని చెప్పడం పౌరశాస్త్ర గ్రంథాలలో పరిపాటి. ఎదుటిపక్షం చెప్పేది ఓపికతో వినడం, విన్న పిమ్మట ఓటు వేయడం, ఓడినవారు తీర్పును శిరసావహించడం అనే మర్యాదలను లోకానికి నేర్పిన సభగా దానికి ప్రఖ్యాతి ఉంది. అటువంటి సభలోనికి 1969వ సంవత్సరం ఏప్రిల్ నెలలో ఉత్తర ఐర్లండు నుండి ఒక విశ్వవిద్యాలయ విద్యార్థిని సభ్యురాలిగా అడుగుపెట్టింది. ఆమె పేరు బెర్నడెట్ డెవ్లిన్. ఇరవై రెండవ పుట్టినరోజుకు ఇంకా ఆరు దినాలు ఉండగా ఆమె ఎన్నికైంది. ఆ కాలంలో ఆ దేశంలో పోటీ చేయడానికే కాక ఓటు వేయడానికి సైతం 21 సంవత్సరాలు నిండవలసి ఉండేది. అంటే ఓటుహక్కు లభించి సంవత్సరం తిరగకుండానే ఆమె శాసనకర్త అయింది. మన లోక్‌సభకు పోటీ చేయాలంటే 25 సంవత్సరాలు నిండాలన్న నియమాన్ని గుర్తు చేసుకొంటే ఆ వయస్సు ఎంత చిన్నదో బోధపడుతుంది.

వయస్సు వలన దక్కిన ఘనత శాశ్వతం కాలేదు. 2015 ఎన్నికలలో స్కాట్లండుకు చెందిన మారీ బ్లాక్ 20 ఏళ్లకే ఎన్నికై, అంతవరకు ఆ సభకు ఎన్నికైన మహిళలలో అతి పిన్నవయస్కురాలిగా బెర్నడెట్‌కు ఉన్న స్థానాన్ని అందుకొంది. అటువంటి లెక్కలు ఎప్పటికప్పుడు చెరిగిపోతూనే ఉంటాయి. బెర్నడెట్ జీవితాన్ని చదవవలసిన కారణం వేరొకటి ఉంది. సభలో కూర్చుని మాట్లాడితే తన ప్రజలకు న్యాయం జరుగుతుందన్న నమ్మకంతో ఆమె లండనుకు వెళ్లింది. మూడేళ్లు గడవకముందే, కన్నులారా చూచిన ఒక ఘోరాన్ని చెప్పబోతే ఆ సభ ఆమెకు నోరు విప్పే అవకాశం ఇవ్వలేదు.

ఆమె కథ అర్థం కావాలంటే ఉత్తర ఐర్లండు స్థితిగతులు కొంత తెలియాలి. ఐర్లండు ద్వీపంలోని 32 కౌంటీలలో ఆరింటిని వేరుచేసి 1921లో ఉత్తర ఐర్లండును ఏర్పరచారు. తక్కిన భాగం క్రమంగా స్వతంత్ర దేశమైంది. ఈ ఆరు కౌంటీలు బ్రిటన్‌లోనే నిలిచిపోయాయి. ఆ కాలంలో ఇక్కడి జనాభాలో దాదాపు మూడింట రెండు వంతులమంది ప్రొటెస్టెంట్లు. వారిలో అత్యధికులు బ్రిటన్‌తో కలిసి ఉండాలని కోరే యూనియనిస్టులు. మిగిలినవారిలో అధికులు కాథలిక్కులు. వారిలో పెక్కుమంది మనస్సు ఏకమైన ఐర్లండు వైపు మొగ్గేది. బెల్‌ఫాస్ట్ నగరం చెంత స్టార్మంట్ అనే చోట ఒక ప్రాంతీయ శాసనసభ ఉండేది. 1972లో దానిని నిలిపివేసేంతవరకు అక్కడ అధికారం యూనియనిస్టు పార్టీ చేతి నుండి ఒక్కసారి కూడా జారలేదు.

ఈ భేదం చర్చి గడపతో ఆగి ఉంటే ఇంత కథ నడిచేది కాదు. అది ఇంటి గడప దాకా వచ్చింది. స్థానిక సంస్థల ఎన్నికలలో వయోజనులందరికీ ఓటు ఉండేది కాదు. ఇంటిని సొంతంగానో అద్దెకో కలిగి పన్ను చెల్లించే గృహస్థునికి, అతని భార్యకు మాత్రమే ఓటు. తల్లిదండ్రుల పంచన ఉన్న ఎదిగిన పిల్లలకు, ఒకరి ఇంటిలో గది తీసుకొని ఉండేవారికి ఓటు లేదు. వ్యాపార సంస్థల యజమానులకు మాత్రం అదనపు ఓట్లు కూడా ఉండేవి. పేదలకు ఇళ్లు కట్టించి కేటాయించేది ఆ స్థానిక సంస్థలే. కనుక ఒక కుటుంబానికి ఇల్లు ఇవ్వడమంటే రెండు ఓట్లు ఇవ్వడమే. ఇల్లు ఎవరికివ్వాలి, ఏ వార్డులో ఇవ్వాలి అన్న ప్రశ్నలు ఆ విధంగా అధికారానికి ఆయువుపట్టులయ్యాయి.

డెర్రీ నగరం ఇందుకు చక్కని ఉదాహరణ. అక్కడ కాథలిక్కులే అధికసంఖ్యాకులు. వారిలో చాలామందిని ఒకే వార్డులో చేర్చి ఆ వార్డుకు 8 స్థానాలు ఇచ్చారు. తక్కిన రెండు వార్డులకు కలిపి 12 స్థానాలు ఇచ్చారు. తత్ఫలితంగా నగరపాలన ఎన్నిసార్లు ఎన్నికలు జరిగినా అల్పసంఖ్యాకుల చేతిలోనే ఉండిపోయింది. లెక్క తప్పని ఎవరూ అనలేరు. ఎనిమిదీ పన్నెండూ కలిస్తే ఇరవై. అందులో పన్నెండుదే పైచేయి. లెక్క సరిపోయిన చోటనే న్యాయం లోపించింది.

1968 జూన్‌లో టైరోన్ కౌంటీలోని కాలెడన్ అనే చిన్న గ్రామంలో కొత్తగా కట్టిన ఒక ఇంటిని 19 ఏళ్ల అవివాహిత అయిన ప్రొటెస్టెంటు యువతికి కేటాయించారు. పిల్లలతో ఇరుకుగదులలో మగ్గుతున్న కాథలిక్ కుటుంబాలు అప్పటికే ఇంటి కోసం ఎదురుచూస్తున్నాయి. స్టార్మంట్ సభ్యుడైన ఆస్టిన్ కరీ నిరసనగా ఆ ఇంటిలో ప్రవేశించి బైఠాయించాడు. పోలీసులు ఆయనను వెలికి ఈడ్చివేశారు. పౌరహక్కుల ఉద్యమం పల్లెపల్లెకూ పాకడానికి ఆ చిన్న ఇల్లు కారణమైంది.

బెర్నడెట్ ఆ టైరోన్ కౌంటీ బిడ్డే. 1947 ఏప్రిల్ 23న కుక్స్‌టౌన్ పట్టణంలో ఒక పేద కాథలిక్ కుటుంబంలో జన్మించింది. ఆరుగురు సంతానంలో ఆమె మూడవది. తండ్రి వడ్రంగి. స్వస్థలంలో పని దొరకక ఇంగ్లండులో పనిచేస్తూ ఇంటికి వచ్చిపోతూ ఉండేవాడు. ఇంటనున్న రాత్రులలో పిల్లలకు ఐర్లండు చరిత్రనే కథలుగా చెప్పేవాడు. ఆ కథల ప్రభావాన్ని ఆమె తన ఆత్మకథలో ప్రత్యేకంగా పేర్కొన్నది. ఆమెకు తొమ్మిదేళ్ల వయస్సులో ఆయన మరణించాడు. ఆరుగురు పిల్లలను తల్లి ప్రభుత్వమిచ్చే భృతితో పెంచింది. డంగానన్ పట్టణంలోని సెయింట్ పాట్రిక్స్ బాలికల అకాడమీలో చదివిన బెర్నడెట్, తరువాత బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర విద్యార్థిని అయింది. చదువు నడుమనే, 1967లో, తల్లి కూడా కన్నుమూసింది. అప్పటికి ఆమెకు 19 ఏళ్లు. తమ్ముడిని, చెల్లెళ్లను చూచుకొనే భారం ఒకవైపు, చదువు మరొకవైపు. ఆ వయస్సులో ఇంటి ఖర్చుల లెక్క చూచుకోవలసి వచ్చిన మనిషికి ఇల్లు, ఉద్యోగం, భృతి అనేవి రాజకీయ నినాదాలుగా కనిపించవు. తరువాతి కాలంలో ఆమె ప్రసంగాలలో జెండాల కంటే ఇళ్ల ప్రస్తావన ఎక్కువగా ఉండడానికి మూలం ఇక్కడ ఉంది.

1968 ఆగస్టు 24న కోల్‌ఐలాండ్ నుండి డంగానన్ వరకు పౌరహక్కుల సంఘం తొలి పాదయాత్ర జరిగింది. ఆ యాత్రలో ఆమె కూడా నడిచింది. అక్టోబరు 5న డెర్రీలో జరిగిన ప్రదర్శన మీద పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. ఆ దృశ్యాలను ఐర్లండు టెలివిజన్ చిత్రీకరించి ప్రసారం చేయడంతో లోకమంతా చూచింది. నాలుగు రోజులు తిరగకుండానే బెల్‌ఫాస్ట్ విద్యార్థులు వీధికెక్కి 'పీపుల్స్ డెమోక్రసీ' అనే సంస్థను స్థాపించుకొన్నారు. ఒక మనిషికి ఒక ఓటు, ఇళ్ల కేటాయింపులో న్యాయం, ఉద్యోగాలలో సమానత్వం వారి కోరికలు. స్థాపకులలో బెర్నడెట్ ఒకతె.

1969 జనవరి 1న ఆ విద్యార్థులు బెల్‌ఫాస్ట్ నుండి డెర్రీకి నడక ప్రారంభించారు. అమెరికాలో నల్లజాతివారు 1965లో సెల్మా నుండి మాంట్‌గొమరీకి జరిపిన యాత్ర వారికి ఆదర్శం. నాలుగవ నాడు, డెర్రీ మరి కొద్ది మైళ్లు ఉందనగా, బర్న్‌టోలెట్ వంతెన వద్ద పొంచి ఉన్న సుమారు రెండువందల మంది రాళ్లతో, మేకులు దిగిన కర్రలతో వారిపై దాడి చేశారు. దాడి చేసినవారిలో విధులలో లేని సహాయక పోలీసులు కూడా ఉన్నారు. వెంట వచ్చిన పోలీసులు విద్యార్థులను కాపాడలేకపోయారు. కాపాడదలచుకోలేదని విద్యార్థులు అన్నారు. అనేకులతో పాటు బెర్నడెట్ కూడా దెబ్బలు తిన్నది. అయినా వారు ఆ సాయంకాలానికి డెర్రీ చేరుకొన్నారు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆమె స్టార్మంట్ శాసనసభకు పోటీ చేసి ఓడిపోయింది. రెండు నెలలలోనే మరొక అవకాశం వచ్చింది. లండను పార్లమెంటులో మిడ్ అల్స్టర్ స్థానానికి ప్రతినిధి అయిన జార్జ్ ఫారెస్ట్ మరణించడంతో ఉపఎన్నిక వచ్చింది. యూనియనిస్టులు ఆయన భార్య అన్నా ఫారెస్ట్‌ను నిలిపారు. మిడ్ అల్స్టర్ కథ విచిత్రమైనది. ఐర్లండు స్వాతంత్ర్యవాదులకు ఒక పాత ఆచారం ఉంది. ఎన్నికలలో నిలబడతారు, గెలుస్తారు. బ్రిటిష్ రాజరికానికి విధేయత ప్రకటించే ప్రమాణం చేయడానికి అంగీకరించక సభకు మాత్రం వెళ్లరు. 1955లో ఆ నియోజకవర్గం ప్రజలు జైలులో ఉన్న టామ్ మిచెల్‌ను ఎన్నుకొన్నారు. శిక్షపడిన ఖైదీ కనుక ఆ ఎన్నిక చెల్లదన్నారు. మరల ఎన్నిక పెడితే మరల ఆయననే గెలిపించారు. అదీ చెల్లలేదు. ఆ విధంగా సభను కాదనడమే అక్కడి కాథలిక్ ఓటర్లలో చాలామందికి తెలిసిన నిరసన మార్గం.

బెర్నడెట్ దీనికి భిన్నంగా ఆలోచించింది. గెలిస్తే తన స్థానంలో కూర్చుంటానని, అక్కడినుండే ప్రజల హక్కుల కోసం పోరాడతానని ఆమె ఎన్నికల ప్రచారంలో బాహాటంగా చెప్పింది. సభకు వెళ్లాలన్నవారు, వెళ్లరాదన్నవారు అందరూ ఆ ఒక్కసారికి ఆమె వెనుక ఏకమయ్యారు. 1969 ఏప్రిల్ 17న నూటికి తొంబైమందికి పైగా ఓటు వేశారు. ఆమెకు 33,648 ఓట్లు వచ్చాయి. 4,211 ఓట్ల ఆధిక్యంతో గెలిచింది. ఐదు రోజుల తరువాత లండనులో ప్రమాణం చేసింది. ఆ ప్రమాణవాక్యాల మీద ఆమెకు భక్తి లేదు. సభలో అడుగుపెట్టడానికి దాటవలసిన గడప కనుక దాటింది.

ఏప్రిల్ 22న ఆమె ప్రమాణం చేసిన కొద్దిసేపటికే ఉత్తర ఐర్లండు మీద అత్యవసర చర్చ మొదలైంది. కొత్త సభ్యుల తొలి ప్రసంగానికి కామన్స్ సభలో ఒక సంప్రదాయం ఉంది. తన నియోజకవర్గాన్ని కొనియాడి, తనకు ముందున్న సభ్యుని స్మరించి, వివాదం జోలికి పోకుండా ముగించాలి. మిగిలినవారు అడ్డుతగలకుండా వింటారు. ఆమె ఆ మర్యాదను పాటించలేదు. అంతకుముందు మాట్లాడిన యూనియనిస్టు సభ్యుని వాదనను అంశాలవారీగా ఖండించింది. పేద కాథలిక్కునూ పేద ప్రొటెస్టెంటునూ ఒకరికొకరు శత్రువులుగా నిలిపి పాలించే వర్గమే అసలు దోషి అన్నది. స్టార్మంట్ శాసనసభను రద్దుచేసి లండను నుండి పాలించడం ఒక మార్గమని సూచించింది. సైన్యాన్ని పంపడం గురించి మాట్లాడుతూ, అక్కడ నిలపబడే సైనికుని తల్లిగానో సోదరిగానో ఉండడానికి తాను ఇష్టపడనని చెప్పింది.

మహాభారత సభాపర్వంలో ద్రౌపది ప్రశ్నకు పెద్దలు మౌనం వహించినప్పుడు, కౌరవులలోనే ఒకడైన వికర్ణుడు లేచి ఆమె పక్షాన పలికాడు. అతని వాదానికి కర్ణుడు చెప్పిన మొదటి అభ్యంతరం, అతడు పసివాడన్నదే. బెర్నడెట్ విషయంలో ఆ అభ్యంతరం మరొక రూపంలో వచ్చింది. సభ ఆమె ప్రసంగాన్ని మెచ్చుకొంది. పత్రికలు ఆకాశానికెత్తాయి. ఆ మెప్పులో ఆమె చెప్పిన విషయం కంటే ఆమె వయస్సు, ఆమె తొడుక్కున్న పొట్టి పావడా, ఆమె పలుకుబడిలోని యాస ఎక్కువ చోటు ఆక్రమించాయి. ఒక యూనియనిస్టు సభ్యుడు ఆమెను పొట్టి పావడా తొడిగిన కాస్ట్రో అని ఎద్దేవా చేశాడు. ప్రసంగంలోని హెచ్చరికను మాత్రం ఎక్కువమంది పట్టించుకొన్నట్లు లేదు. నాలుగు నెలలు తిరగకుండానే, ఆగస్టు 14న, బ్రిటిష్ సైన్యం డెర్రీ వీధులలో దిగింది. అది 2007 వరకు ఉత్తర ఐర్లండులో సాయుధ కార్యక్రమం సాగించింది. కొన్ని వందలమంది సైనికులు ఆ గడ్డమీద ప్రాణాలు కోల్పోయారు. 1972 మార్చిలో స్టార్మంట్ సభను నిలిపివేసి లండను ప్రభుత్వమే పాలన చేపట్టింది. ఇరవై ఒక్క సంవత్సరాల యువతి ఒక్క ప్రసంగంలో చెప్పిన రెండు మాటలూ నిజమయ్యాయి.

సైన్యం దిగిన సందర్భం కూడా ఆమె జీవితంతో ముడిపడి ఉంది. 1969 ఆగస్టు 12న డెర్రీలో ప్రొటెస్టెంటుల ఊరేగింపు సందర్భంగా ఘర్షణ మొదలైంది. కాథలిక్కులు నివసించే బాగ్‌సైడ్ ప్రాంతంలోనికి పోలీసులు రాకుండా ప్రజలు అడ్డుగోడలు కట్టారు. మూడు దినాలు రాళ్లు, బాష్పవాయువు మధ్య అది యుద్ధభూమిగా మారింది. పార్లమెంటు సభ్యురాలు ఆ అడ్డుగోడల వెనుక నిలబడి ప్రజలను ఉత్సాహపరిచింది. స్వయంగా రాళ్లు పగులగొట్టి అందించింది. చట్టాలు చేయవలసిన చేయి రాయి పట్టవచ్చునా అన్న ప్రశ్న ఆనాడు ఆమె అభిమానులలో కూడా కొందరిని కలవరపెట్టింది. ఆ ప్రశ్న సమంజసమైనదే. బర్న్‌టోలెట్ వద్ద పోలీసుల రక్షణ ఎట్టిదో చూచిన తరువాత వారిని ఇళ్లలోనికి రానీయమని ప్రజలకు ఆమె ఏ ముఖంతో చెప్పగలదన్నది కూడా అంతే సమంజసమైన ప్రశ్న. న్యాయస్థానం మాత్రం అల్లర్లకు ప్రేరేపించిందన్న అభియోగం మీద ఆమెకు ఆరు నెలల శిక్ష విధించింది. అప్పీలు తేలేలోగా 1970 జూన్ 18న సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. ఆమె మునుపటి కంటే ఎక్కువ ఆధిక్యంతో గెలిచింది. ఎనిమిదవ నాడు ఆమెను అరెస్టు చేశారు. ఆర్మా జైలులో నాలుగు నెలలు గడిపింది.

ఈ నడుమ అమెరికాకు వెళ్లి, ఇళ్లు కోల్పోయినవారి కోసం విరాళాలు సేకరించింది. అక్కడి ఐరిష్ సంతతివారు ఆమెకు బ్రహ్మరథం పట్టారు. న్యూయార్క్ మేయరు నగర తాళపుచెవిని బహూకరించాడు. ఆ సంతతివారిలో కొందరు తమ దేశపు నల్లజాతివారి పట్ల చూపే చిన్నచూపు ఆమెను బాధించింది. ఆ తాళపుచెవిని ఆమె తన మిత్రుని ద్వారా నల్లజాతి ఉద్యమకారులైన బ్లాక్ పాంథర్లకు ఇప్పించింది. 1971లో వివాహానికి ముందే తల్లి కాబోతున్న విషయాన్ని దాచకుండా తానే వెల్లడించడం కాథలిక్ ఓటర్లలో అనేకులకు రుచించలేదు. మెప్పు కోసం నిజాన్ని చిన్నగా చేసి చెప్పడం ఆమె స్వభావంలో లేదు. ఆ స్వభావమే ఆమెను గెలిపించింది. క్రమంగా ఓట్లకు దూరం చేసింది కూడా.

1971 ఆగస్టులో ప్రభుత్వం విచారణ లేకుండా అనుమానితులను నిర్బంధించే విధానాన్ని ప్రవేశపెట్టింది. దానికి నిరసనగా 1972 జనవరి 30, ఆదివారం నాడు డెర్రీలో వేలాదిమందితో ఊరేగింపు జరిగింది. ఊరేగింపు ముగిసే చోట ఒక లారీని వేదికగా నిలిపారు. ఆ లారీ మీద బెర్నడెట్‌తో పాటు బ్రిటిష్ శాంతివాది, ఎనభై మూడేళ్ల వృద్ధుడు ఫెన్నర్ బ్రాక్‌వే ఉన్నాడు. ఆయన మన స్వాతంత్ర్యోద్యమానికి ఆప్తుడు. 1930లో కామన్స్ సభలో భారతదేశం గురించి చర్చ జరపాలని పట్టుబట్టి, కూర్చోమన్నా కూర్చోక, సభ నుండి సస్పెండు చేయబడినవాడు. ఆమె ప్రసంగించడానికి నిలిచిన వేళ తుపాకుల మోత వినిపించింది. జనం నేలమీద బోర్లాపడ్డారు. పారాచూట్ రెజిమెంటు సైనికులు కాల్చిన గుండ్లకు 13 మంది ఆనాడే మరణించారు. గాయపడినవారిలో ఒకరు కొన్ని నెలల తరువాత మరణించారు. చనిపోయినవారిలో పదిహేడేళ్ల బాలురు ఉన్నారు. చరిత్రలో ఆ రోజుకు 'రక్తసిక్త ఆదివారం' అని పేరు నిలిచింది.

మరునాడు లండనులో సభ సమావేశమైంది. హోంమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ప్రకటన చేశాడు. తమపై కాల్పులు జరిపి బాంబులు విసిరినవారి మీదనే సైనికులు గురిచూచి కాల్చారని ఆ ప్రకటన సారాంశం. బెర్నడెట్ లేచింది. సంఘటన స్థలంలో ఉండి కన్నులారా చూచిన సభ్యురాలు ఈ సభలో తానొక్కతెనే అని, తనకు మాట్లాడే అవకాశం ఇవ్వాలని పదేపదే కోరింది. స్పీకరు సెల్విన్ లాయిడ్ అంగీకరించలేదు. ఘటన జరిగిన చోటికి వందల మైళ్ల దూరాన ఉన్న మంత్రి చెప్పినది సభ రికార్డులకెక్కింది. చూచిన మనిషి చెప్పేది ఆ ఘడియలో వినడానికి నియమాలు అడ్డువచ్చాయి. ఆమె తన స్థానం విడిచి, సభామధ్యాన్ని దాటి వెళ్లి మంత్రి చెంపమీద కొట్టింది, జుట్టు పట్టుకొని లాగింది. తరువాత క్షమాపణ చెప్పమంటే చెప్పలేదు.

సభలో ఒక సభ్యుని మీద చేయి చేసుకోవడాన్ని ఏ ప్రజాస్వామ్యవాదీ సమర్థించడు. మాటకు స్థానం కల్పించడానికే సభలు పుట్టాయి. చేతికి స్థానం కల్పించడానికి కాదు. అయితే ఇక్కడ క్రమాన్ని గమనించాలి. మాట ముందు లేచింది. దానిని కూర్చోబెట్టిన తరువాతనే చేయి లేచింది. ఆనాటి వ్యాఖ్యాతలు ఎక్కువగా ఆ చెంపదెబ్బనే చర్చించారు. స్పీకరు నిర్ణయం అంతగా చర్చకు రాలేదు. స్పీకరు నియమభంగం చేయలేదు, నిజమే. ఎవరిని పిలవాలన్నది ఆయన ఇష్టమే. నియమం చెడకుండా న్యాయం చెడే సందర్భాలు కూడా ఉంటాయని డెర్రీ నగరపాలక సంస్థ లెక్కలలో అప్పటికే రుజువైంది.

ప్రధాన న్యాయమూర్తి విడ్జెరీ కొద్ది వారాలలోనే విచారణ ముగించి, 1972 ఏప్రిల్‌లో సైనికులను చాలావరకు నిర్దోషులుగా చూపే నివేదిక ఇచ్చాడు. మృతుల కుటుంబాలు దానిని ఎన్నడూ అంగీకరించలేదు. పార్లమెంటు మాటతో మార్పు వస్తుందన్న విశ్వాసం డెర్రీ యువకులలో ఎంత మిగిలిందో చెప్పనవసరం లేదు. అనేకులు సాయుధ సంస్థల వైపు నడిచారు. ఆ హింసలో తరువాతి సంవత్సరాలలో ఇరుపక్షాల వారూ వేలసంఖ్యలో ప్రాణాలు కోల్పోయారు.

బెర్నడెట్ 1973లో మైఖేల్ మెక్‌అలిస్కీని వివాహమాడింది. 1974 ఫిబ్రవరి ఎన్నికలలో ఆమె ఓడిపోయింది. 1969లో ఒక్కటైన ఓట్లు ఈసారి చీలాయి. రక్తసిక్త ఆదివారం నాటి ఊరేగింపు నిర్వాహకులలో ముఖ్యుడైన ఐవన్ కూపర్ కూడా అక్కడ పోటీకి దిగాడు. ఇద్దరి ఓట్లు కలిపితే గెలిచిన యూనియనిస్టు జాన్ డన్‌లాప్ ఓట్లను మించేవి. అప్పటికి ఆమెకు 26 ఏళ్లు. చాలామంది రాజకీయ జీవితం ఆరంభించే వయస్సులో ఆమె పార్లమెంటు జీవితం ముగిసింది. ఆ తరువాత ఒక రిపబ్లికన్ సోషలిస్టు పార్టీ స్థాపనలో పాల్గొని, ఏడాది తిరగకుండానే దాని నుండి బయటకు వచ్చింది. 1981 జనవరి 16న ప్రత్యర్థి వర్గానికి చెందిన సాయుధులు ఆమె ఇంటిలో చొరబడి భార్యాభర్తలిద్దరినీ కాల్చారు. ఆ సమయంలో పిల్లలు ఇంటిలోనే ఉన్నారు. అనేక గుండ్లు దిగినా దంపతులిద్దరూ బ్రతికారు. ఆ ఇంటికి సమీపంలోనే సైనికులు ఉన్నారు. దాడిని ఆపలేదు గాని, దాడి చేసినవారిని పట్టుకొన్నారు. ఎందుకు ఆపలేదన్న ప్రశ్నను ఆమె అడుగుతూనే వచ్చింది. గాయాలు పూర్తిగా మానకముందే, జైలులో నిరాహారదీక్ష చేస్తున్న ఖైదీల పక్షాన ప్రచారానికి దిగింది.

రక్తసిక్త ఆదివారం మీద 1998లో బ్రిటిష్ ప్రభుత్వం కొత్త విచారణకు ఆదేశించింది. న్యాయమూర్తి సావిల్ నేతృత్వంలో అది పన్నెండేళ్లు సాగింది. వందలమంది సాక్షులను విచారించారు. 2001లో బెర్నడెట్ వచ్చి తాను చూచినది చెప్పింది. సభలో చెప్పవలసిన సాక్ష్యాన్ని 29 ఏళ్ల తరువాత విచారణ సంఘం ఎదుట చెప్పింది. 2010 జూన్ 15న నివేదిక వెలువడింది. కాల్పులకు గురైనవారిలో ఎవరూ, కాల్చడాన్ని సమర్థించదగినంత ముప్పు కలిగించలేదని అందులో తేల్చారు. ఆనాడు ప్రధాని డేవిడ్ కామెరాన్ కామన్స్ సభలో లేచి, జరిగినది ఏ విధంగానూ సమర్థనీయం కాదని ప్రకటించి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. డెర్రీ నగర కూడలిలో పెద్ద తెరమీద ఆ ప్రసంగాన్ని చూస్తున్న జనం హర్షధ్వానాలు చేశారు. 38 సంవత్సరాలు పట్టింది. మాడ్లింగ్ అప్పటికి మరణించి మూడు దశాబ్దాలు దాటింది.

మిడ్ అల్స్టర్ స్థానం మళ్లీ పాత ఆచారానికే మరలింది. 1997 నుండి 2024 వరకు జరిగిన ప్రతి సార్వత్రిక ఎన్నికలోనూ అక్కడ షిన్ ఫేన్ అభ్యర్థులే గెలిచారు. వారిలో ఎవరూ లండను వెళ్లి ప్రమాణం చేయలేదు.

బెర్నడెట్ 1997లో డంగానన్‌లో, తాను బడికి వెళ్లిన ఊరిలోనే, కొందరితో కలిసి 'దక్షిణ టైరోన్ సాధికారత కార్యక్రమం' అనే సేవాసంస్థను ప్రారంభించింది. ఆ చుట్టుపక్కల మాంసం శుద్ధిచేసే కర్మాగారాలున్నాయి. పోర్చుగల్, లిథువేనియా, తూర్పు తైమూరు వంటి దేశాల నుండి కూలీలు వాటిలో పనికి వచ్చారు. వారికి ఆ దేశపు భాష రాదు, చట్టాలు తెలియవు. దరఖాస్తులు నింపిపెట్టడం, దుబాసీలను సమకూర్చడం, యజమానులతోను, అధికారులతోను వారి తరఫున మాట్లాడడం ఆ సంస్థ చేపట్టిన పనులు. 1968లో ఆ కౌంటీలో గొడవ పుట్టినది ఒక ఇంటి గురించి. ఆ కార్యాలయం మెట్లెక్కిన పరదేశీ కూలీలు చెప్పుకొన్న కష్టాలలోనూ ఇల్లు, కూలి అన్నవే ముందు వచ్చేవి.